నిండు మంచం, ఖాళీ మంచం

విజయవాడ వన్‌టౌన్‌లో మా సందు వెడల్పును అడుగుల్లో చెప్పడం అనవసరం. చిన్న ట్రక్కు ఏదైనా వస్తే, ఎదురుగా ఉన్న ఆవు వెనక్కి తగ్గాలి. ఆవు తగ్గదు కనుక ట్రక్కే తగ్గుతుంది. ఈ ఏర్పాటు వల్ల ఇన్నేళ్లుగా సందులో శాంతిభద్రతలకు లోటు రాలేదు. చిక్కల్లా రెండు ట్రక్కులు ఎదురుపడినప్పుడే.

మే నెల. పది గంటలకే ఇంద్రకీలాద్రి రాళ్ల వేడంతా మా సందులోకి దిగుతోంది. తెనాలి నుంచి మా మామగారి పందిరి మంచం వస్తోంది. ఆయన పోయాక అది మా బావమరిది ఇంట్లో ఉండేది. అతను ఈ మధ్య అపార్ట్‌మెంటులోకి మారాడు. లిఫ్టులో మంచం పట్టదని తేలిన సాయంత్రమే, నాన్న గుర్తు అక్కయ్య దగ్గర ఉండటం న్యాయమని అతనికి తోచింది. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. మంచం మేడ మీదికి ఎలా ఎక్కుతుందని అడగబోయి నేను మానుకున్నాను.

మంచాన్ని తెస్తున్నది టాటా ఏస్. 2005లో మార్కెట్లోకి వచ్చింది లగాయతు ఇల్లు మారాలన్నా, పెళ్లి సామాను కదలాలన్నా, వినాయకుడు నిమజ్జనానికి వెళ్లాలన్నా అదే దిక్కు. చోటా హాథీ అని ముద్దుపేరు. కాగితాల మీద దాని మోత ముప్పావు టన్ను. ఆ కాగితం ఆటోనగర్‌లో ఎవరైనా చదివారని చెప్పలేను. మంచం పందిరి కర్రలు బండి వెనక నుంచి బారెడు బయటికి వచ్చి ఉన్నాయి. వాటి చివర రివాజు ప్రకారం ఎర్రగుడ్డ వేలాడుతోంది. అది మా మామగారి తువ్వాలేనని మా ఆవిడ మేడ మీద నుంచే గుర్తుపట్టింది.

సరిగ్గా అప్పుడే సందు రెండో చివర నుంచి కూల్‌డ్రింకుల బండి వచ్చింది. మా కింది వాటాలో శెట్టిగారి కిరాణా కొట్టు ఉంది. వేసవిలో ఆ బండి రాకపోకలను బట్టి మా వీధిలో గడియారాలు సరిచేసుకోవచ్చు. రెండు బళ్లూ మా గుమ్మం ముందు ముక్కులు ఆనించి ఆగాయి. ఇద్దరు డ్రైవర్లూ ఇంజన్లు ఆపేశారు. అంటే, వెనక్కి తీసే ఉద్దేశం ఇద్దరికీ లేదన్నమాట.

"కాస్త వెనక్కి తీయి అన్నా. నీది ఊళ్లో తిరిగే బండి. నేను తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా, వారధి దాటి వస్తున్నాను" అన్నాడు ట్రక్కు డ్రైవరు.

"నీకేం తమ్ముడూ, ఒక్క మంచం దింపితే నీ పని అయిపోయింది. నాకు ఇంకా ఇరవై కొట్లు మిగిలాయి."

"కొట్లదేముంది, ఆ డబ్బాలు అందించి డబ్బులు జేబులో వేసుకోవడమే కదా! నిన్న గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో బియ్యం బస్తాలు ఎత్తి చూడవలసింది, తెలిసేది."

"బస్తాలు ఎత్తింది హమాలీలు కాదా?"

"ఎత్తించింది నేను."

ఎత్తించడం తేలికేమీ కాదు. సరుకు రవాణాలో అసలు కష్టం ఎదురుచూపు అని ట్రక్కు డ్రైవరు వాదన. సగం రోజు స్టాండులో పిలుపు కోసం, మిగతా సగం గోడౌను ముందు గేటు తీసేవాడి కోసం. యాభై వేలు దాటిన సరుకైతే ఈ-వే బిల్లు అనే జీఎస్టీ రవాణా చీటీ లేనిదే కదలకూడదు. దాన్ని ఫోనులో పంపుతానని వ్యాపారి చెబుతాడు, భోజనానికి వెళతాడు. దింపిన చోట హమాలీ కూలి పంపినవాడిదా, తీసుకునేవాడిదా అన్న ప్రశ్నకు ఇంతవరకూ జవాబు దొరకలేదు, అందుచేత చాలాసార్లు అది డ్రైవరుదే అవుతోంది. తిరుగు లోడు దొరకకపోతే సొంత డీజిలు పోసుకుని ఉత్త బండిని ఇంటికి తోలుకోవాలి.

కూల్‌డ్రింకుల డ్రైవరు దీనికి చలించలేదు. "రెండు లీటర్ల సీసాలు తొమ్మిది ఉన్న కేసు ఎత్తు. లోపలి పానీయమే పద్దెనిమిది కిలోలు. అలాంటివి రోజంతా ఎత్తాలి. నీ సరుకు తీసుకున్నవాడు నీ మొహం మళ్లీ చూడడు. నాకు ప్రతి కొట్టువాడూ చుట్టమే. అందరూ బాకీయే. సబ్బులకు జీఎస్టీ తగ్గింది, షాంపూలకు తగ్గింది, దీనికి ఎందుకు తగ్గలేదని అందరూ నన్నే నిలదీస్తున్నారు. నేనేమైనా జీఎస్టీ కౌన్సిల్లో సభ్యుణ్నా?"

అతని బాధ నిజమే. 2025 సెప్టెంబరు 22న వాటన్నిటినీ అయిదు శాతానికి దింపినప్పుడు, కూల్‌డ్రింకులను మాత్రం పాత 28కి 12 శాతం సెస్సు కలిపి, నున్నగా 40 చేసి అక్కడే ఉంచారు. ఆ సంగతి ప్రజలకు విడమర్చి చెప్పే బాధ్యత వ్యాన్ డ్రైవరు మీద పడుతుందని ఎవరూ ఊహించి ఉండరు. ఇది చాలదన్నట్టు కంపెనీవారు ఇచ్చిన ఫ్రిజ్‌లో శెట్టిగారు పాల ప్యాకెట్లు పెట్టుకుంటారు. పెట్టకూడదని చెప్పవలసినది కూడా ఇతనే. చెబితే శెట్టిగారికి కోపం, చెప్పకపోతే పైవాళ్లకు కోపం.

ఈలోగా జనం మూగారు. మా పక్కింటి కోర్టు గుమాస్తాగారు, ఎవరూ అడగకుండానే, లైట్ మోటార్ వాహనం లైసెన్సుతోనే 7,500 కిలోలు మించని రవాణా బండిని నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిందని, కాబట్టి చట్టం దృష్టిలో వీరిద్దరూ సమానులేనని తీర్పు వినిపించారు. సమానులన్న మాట ఇద్దరికీ నచ్చలేదు.

శెట్టిగారికి విసుగు పుట్టింది. "ఎదుటివాడి పని అంత తేలికైతే, ఒకరి పని ఒకరు చేసి చూపండి. నా కొట్టు ముందు బేరాలు పోతున్నాయి" అని, ఖాళీ సీసాలు లెక్కపెట్టడానికి క్లీనరును వెంటబెట్టుకుని కొట్టు వెనక గదిలోకి వెళ్లారు. ఖాళీ సీసాల లెక్కను ఆయన పరాయివాడికి వదలరు.

ఆ ఆవేశంలో కూల్‌డ్రింకుల డ్రైవరు మంచం మీదికి దూకాడు. ట్రక్కు డ్రైవరు చొక్కా చేతులు మడిచి కేసుల మీద పడ్డాడు.

నేను మంచం వెంట మేడ మీదికి వెళ్లాను. నిజం చెప్పాలి, ఆ మనిషి పనితనం చూడముచ్చటగా ఉంది. కోళ్లు, పట్టెలు, కర్రలు విడదీసి, ఒక్కొక్కటీ భుజాన వేసుకుని, మెట్ల మలుపు దగ్గర గోడకు తగలకుండా చకచకా ఎక్కించాడు. ప్రతిసారీ పైకి వచ్చాక చేయి చాచి నిలబడుతున్నాడు. దేనికో నాకు మొదట అర్థం కాలేదు. కింద కేసుల చప్పుడు ఆగకుండా వినబడుతోంది. రెండు మూడు కేసులు దింపడానికి ఇంత చప్పుడెందుకని అనుమానం వచ్చింది గాని, మంచం ముఖ్యం కదా.

చివరి కర్ర గోడకు ఆనించి, అతను చెమట తుడుచుకుని, "పాతది ఎక్కడుంది అమ్మగారూ?" అన్నాడు.

"ఏ పాతది బాబూ?"

"మంచమండీ. నిండుది ఇచ్చాం కదా, ఖాళీది ఇవ్వాలి."

మా ఆవిడ ముఖంలో అటువంటి వెలుగు నేను మా పెద్దమ్మాయి పెళ్లి కుదిరిన రోజున చూశాను. మా ఇంట్లో ఒక నవారు మంచం ఉంది. నేను పేపరు చదివేదీ, మధ్యాహ్నం నడుం వాల్చేదీ దాని మీదే. దాన్ని వదిలించుకోవడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. ఇప్పుడు ఒక మనిషి ఇంటికి వచ్చి, అది తన హక్కు అన్నట్టు అడుగుతున్నాడు.

"అదిగో, ఆయన కూర్చున్నారు చూడు, అదే. ఆయన లేస్తారు, తీసుకువెళ్లు."

అతను నవారు పరీక్షించి, కోళ్లు నాలుగూ లెక్కపెట్టి, "పగుళ్లేమీ లేవు" అని నాకు భరోసా ఇచ్చి, మంచాన్ని నెత్తిన పెట్టుకుని దిగిపోయాడు. వెనకాలే నేనూ దిగాను.

కింద కొట్టు కనబడలేదు. కొట్టు ఉండవలసిన చోట కేసులతో కట్టిన కోట ఉంది. అరుగు మీద, మెట్ల మీద, కోర్టు గుమాస్తాగారి స్కూటరు మీద కేసులే. బండి లోపల నున్నగా మెరుస్తోంది. ట్రక్కు డ్రైవరు దాన్ని చీపురుతో ఊడుస్తున్నాడు.

"ఎన్ని కేసులు దింపావు?" అన్నాడు కూల్‌డ్రింకుల డ్రైవరు, గొంతు పెగలక.

"బండిలో ఉన్నవన్నీ."

అతని శాస్త్రం ప్రకారం దింపడమంటే అడుగు చెక్క కనబడేదాకా దింపడమే. సగం సరుకు బండిలో ఉంచుకుని వెళ్లిపోయే మనిషిని సరుకు రవాణాలో దొంగ అంటారు. ఇరవై కొట్ల సరుకు ఒకే బండిలో తిరుగుతుందనీ, ఒక్కో గుమ్మంలో కాస్త కాస్త రాలుస్తూ పోవాలనీ అతనికి ఎవరు చెప్పారు?

కోట లోపలి నుంచి శెట్టిగారి గొంతు వినబడింది. ఆయనా, క్లీనరూ వెనక గదిలో నుంచి బయటికి రాలేక చిక్కుకున్నారు.

"బాబూ, నాకు కావలసింది మూడు కేసులే!"

"మీకు కావలసింది నాకు తెలియదండీ. అడ్రసు ఇదేనా, కాదా? ఇదే అయితే, సరుకు అందినట్టు ఇక్కడ ఒక సంతకం పెట్టండి" అని అతను రెండు కేసుల సందులోంచి చీటీ లోపలికి తోశాడు. చీటీ వెనక్కి రాలేదు. లోపలి నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

తరువాతి గంట గురించి ఎక్కువ చెప్పను. పేర్చిన కోటను విప్పి మళ్లీ బండెక్కించారు. లెక్క చూస్తే సీసాలు తక్కువ వచ్చాయి. మళ్లీ చూస్తే ఇంకా తక్కువ వచ్చాయి, ఎందుకంటే మా సందు పిల్లలకు మొదటి లెక్కకీ రెండో లెక్కకీ మధ్య దాహం వేసింది. తగ్గినది ఎవరి జీతంలో పడుతుందని ట్రక్కు డ్రైవరు అడిగాడు. తన జీతంలోనేనని ఇతను చెప్పాడు.

"రోజూ ఇలా లెక్కపెట్టుకోవాలా అన్నా?"

"రోజూ. నీకు నయం. ఆ మంచం మోసినంతసేపూ ఒక్కరు కూడా నన్ను అప్పు అడగలేదు."

తరువాత ఇద్దరూ అరుగు మీద చేరి, గొంతు తగ్గించి, నెలకు ఎంత మిగులుతుందని ఒకరినొకరు అడిగారు. ఇద్దరూ తగ్గించే చెప్పారని నా అనుమానం. కష్టాల పోటీలో సంపాదన కాస్త ఎక్కువ చెప్పినవాడు ఓడిపోతాడు కదా.

నా మంచం మాత్రం అప్పటికే ట్రక్కులో తాళ్లతో బిగించి ఉంది. పందిరి మంచం మీద కట్టిన తువ్వాలు ఇప్పుడు దానికి కట్టారు. దింపమని నేను అడిగాను.

"తిరుగు లోడు దొరకడమే అరుదు మాస్టారూ. అమ్మగారు మాకే ఇచ్చేశారు. మా స్టాండులో పిలుపు వచ్చేదాకా కూర్చోవడానికి బల్ల కూడా లేదు" అని ట్రక్కు డ్రైవరు తలుపు గొళ్లెం వేసి, "కిరాయి ఎవరిస్తారు, మీరా, అమ్మగారా?" అన్నాడు.

"మంచం నీకిస్తూ కిరాయి కూడా నేనే ఇవ్వాలా?"

"మంచం ఎవరికి ఇచ్చారన్నది వేరండీ, బండి తిరగడం వేరు."

తెనాలి కిరాయి దగ్గర అతనితో ఫోనులో అరగంట బేరమాడిన మా ఆవిడ, ఈసారి మారుమాట లేకుండా మెట్లు దిగివచ్చి, అడిగినంతా అతని చేతిలో పెట్టింది.