సేనాధిపతి ఎడమ చెయ్యి

మా ఇంట్లో జాలాడి, అంటే అంట్లు తోమి నీళ్లు పోసే చోటు, మింగిన వస్తువులు ఇప్పటికి మూడు. అమ్మ ముక్కుపుడక మర, నాయన కట్టుడు పన్ను ఒకటి, నా సేనాధిపతి ఎడమ చెయ్యి. మొదటి రెండిటి మీద ఆశ ఎప్పుడో వదిలేసినాం, మూడోదాని కథ మాత్రం చెప్పాల.

నాకొక పిచ్చి ఉంది, యుద్ధం ఆటల బొమ్మలు. టేబుల్ మీద రెండు సైన్యాలు పెట్టి, పాచికలు ఏసి, టేపుతో కొలిచి ఒకదాని మీదికి ఇంకోదాన్ని నడిపిస్తారు చూడండి, అవి. రెజిన్ అని, అచ్చులో పోస్తే గట్టిపడే ఒక రకం ప్లాస్టిక్, దాంతో పోత పోసినవి, 32 మిల్లీమీటర్ల స్కేలు, అంటే మనిషి నా చిటికెన వేల్లో సగం కంటే రోంత ఎక్కువ. రంగుల్లేకుండా, కాళ్లు ఒక పక్క చేతులు ఒక పక్క ముక్కలుగా వస్తాయి, అతికించుకునేదీ రంగులేసుకునేదీ మన తిప్పలే. ముప్పై ఆరేళ్లొచ్చినాక బొమ్మలేందిరా అని నాయన ఒకసారి అడిగితే, నాయనా ఇది బొమ్మలాట కాదు, 1824లోనే ప్రష్యా అనే జర్మన్ రాజ్యం సైన్యం వాళ్ల ఆఫీసర్లకు ఇట్లాంటి ఆటతోనే యుద్ధం నేర్పించింది అని పెద్ద లెక్చర్ ఇచ్చినా. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టి "సరే, ఆ ప్రష్యా ఇప్పుడు యాడుంది?" అన్నాడు. ఆ దేశం మ్యాపులో లేకుండా పోయి శానా కాలమైంది కాబట్టి నేను గమ్మునైపోయినా.

సరే, మే నెల ఆదివారం, కడప ఎండ, ఫ్యాను తిరిగితే వేడి గాలే వస్తాంది. కొత్త సేనాధిపతి బొమ్మ కవర్ విప్పి పదకొండు ముక్కలు లెక్కపెట్టుకున్నా. ఫస్టు పని కడగడం. అచ్చుకు రెజిన్ అతుక్కోకుండా లోపల ఒక జిడ్డు పూస్తారు, అది ముక్కల మీద మిగిలిపోతాది, కడక్కుండా రంగేస్తే నాలుగు రోజులకు పెచ్చులు లేస్తాది. గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, పాత టూత్‌బ్రష్, అంతే. ముక్కలన్నీ గిన్నెలో నానేసి బ్రష్ కోసం పోయినా. అద్దం కాడ అరిగిపోయినది ఒకటి కనపడింది. అది నాయన రోజూ వాడే బ్రష్ అని సాయంత్రం తెలిసింది, ఆ గొడవ వేరే.

తిరిగొచ్చేసరికి గిన్నె బోర్లించి ఉంది.

"అమ్మా, ఈడ గిన్నెలో నీళ్లేవి?"

"సబ్బునీళ్లు ఊరికే ఉంటే జాలాట్లో పోసినా. ఏం, నీళ్లకు కూడా లెక్క చెప్పాల్నా?"

పరిగెత్తినా. తొమ్మిది ముక్కలు జాలాడి గచ్చు మీదనే ఉన్నాయి, పదోది తూము జాలీకి ఆనుకుని దొరికింది. పదకొండోది లేదు. కత్తి పట్టుకున్న ఎడమ చెయ్యి, కందిబేడంత ఉంటాది. ఇంటిల్లిపాదీ దిగినాం. నా భార్య సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే నేను బోర్లా పడుకుని జాలీ ఎత్తి చూసినా. నాలుగు మెతుకులు, ఒక చింతగింజ, వెంట్రుకలు. వసారాలో మంచం మీద నుంచి మా జేజి (నాయనమ్మ) అరుస్తాంది, "ఎవురి చెయ్యి పోయిందిరా? ఆస్పత్రికి తీస్కపోండి బిన్నె!"

దొరకలేదు. ఉన్నోళ్లతోనే సంసారం అనుకుని మిగతా పని మొదలుపెట్టినా. ఈటె అరటికాయ బజ్జీ మాదిరి వంగిపోయి వచ్చింది, దాన్ని మరిగిన నీళ్లలో కాసేపు ముంచితే మెత్తబడతాది, నిటారుగా పట్టుకుని చన్నీళ్లలో ముంచితే అట్లే బిగుస్తాది. ఇందుకు నేను టీ గిన్నె వాడిన సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు, తెలీనీయద్దండి. అచ్చు రెండు ముక్కలు కలిసే చోట సన్నటి గీత మిగులుతాది, దాన్ని కత్తి వీపుతో గీకాల, ఉప్పుకాగితంతో రుద్దితే తడి చేసి రుద్దాల, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. నేను మాస్కు పెట్టుకుని కూర్చుంటే పక్కింటామె కిటికీలో నుంచి చూసి మళ్లీ కరోనా వచ్చిందా అని అడిగింది.

ఇంగ అతికించడం. మామూలు ప్లాస్టిక్ బొమ్మలకైతే ప్లాస్టిక్‌ను కరిగించి కలిపేసే జిగురుంటాది, రెజిన్‌కు అది పనిచేయదు, సూపర్ గ్లూనే దిక్కు. ఈ గ్లూ పుట్టుక కూడా తమాషానే. 1942లో అమెరికాలో తుపాకుల గురికి పారదర్శక ప్లాస్టిక్ కోసం ఎతుకుతా ఉంటే హ్యారీ కూవర్ అనే ఆయనకు ఇది తగిలిందంట, ముట్టుకున్నదానికల్లా అంటుకుంటాందని విసుక్కుని పక్కన పడేసినారంట. ఆయన విసుగు నాకు ఆ మధ్యాహ్నం మూడు గంటలకు బాగా అర్థమైంది.

ఏమైందంటే, సేనాధిపతి బూటుకు ఒక చుక్క పెడదామని ట్యూబు నొక్కితే ఒకటి బూటు మీద, రెండు నా లుంగీ మీద పడినాయి. నూలు బట్ట మీద ఈ గ్లూ పడితే సర్రున వేడెక్కుతాదని నాకు తెలుసు. చదువుకున్నా. కానీ చదువుకోవడం వేరు, తొడ మీద తెలుసుకోవడం వేరు. ఎగిరి లేచినా. లేచే ఊపులో బొమ్మ పడిపోకుండా గట్టిగా పట్టుకున్నా. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యలో సేనాధిపతి. వానికి ఎడమ చెయ్యి లేదు, నాకు కుడి చెయ్యి లేదు.

సరిగ్గా అప్పుడు బెల్లు కొట్టినారు.

ప్రొద్దుటూరు మామ, అత్త, కొడుకు పెళ్లి కార్డు తీసుకుని వచ్చినారు. కార్డు మీద అక్షింతలు పెట్టి ఇస్తాంటే నేను కుడి చెయ్యి వీపు వెనక దాచిపెట్టి ఎడమ చెయ్యి చాపినా. మామ మొహం మాడిపోయింది. "ఏమబ్బీ, శుభలేఖ ఎడమ చేత్తో తీసుకుంటాండావు, మా మీద ఏమన్నా మనసులో పెట్టుకున్నావా?" ఇంగ దాచి లాభం లేదని కుడి చెయ్యి బయటికి తీసినా. అత్త దగ్గరికొచ్చి కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఎవురు నాయనా ఈ దేవుడు?" అని భక్తిగా అడిగింది. నాయన సోఫాలో నుంచే జవాబు చెప్పినాడు, "ప్రష్యా దేవుడు."

నెయిల్ పాలిష్ రిమూవర్‌లో అసిటోన్ ఉంటాది, అది ఈ గ్లూను కరిగిస్తాది. నా భార్య సీసా తెచ్చింది, పోసినా, రుద్దినా, ఏం కదల్లేదు. లేబుల్ చూస్తే ఇది అసిటోన్ లేని రకం. "గోళ్లకు మంచిదని రేటెక్కువ పెట్టి తెచ్చుకున్నా" అంది. చివరికి సబ్బు కలిపిన వేడినీళ్లలో అరగంట చెయ్యి పెట్టుకుని కూర్చుని, మెల్లగా అటూ ఇటూ దొర్లిస్తే ఊడినాడు. నా చర్మం రోంత వాని నడుముకు ఉండిపోయింది, మామ వాళ్లు అదంతా చూస్తానే రెండో విడత టీ తాగినారు. (ఆ గిన్నెలోదే.)

రాత్రికి చెయ్యి సంగతి తేల్చాల్సొచ్చింది. ఇట్లాంటి ఖాళీలకు పుట్టీ ఒకటుంది, నీలం పట్టీ, పసుపు పట్టీ రెండూ కలిపి పిసికితే ఆకుపచ్చగా అయితాది, గంటా గంటన్నర మెత్తగా ఉండి తెల్లారేసరికి గట్టిపడతాది. నేను చేసిన చెయ్యి మొదటిసారి వంకాయ మాదిరి, రెండోసారి ఇంకా పెద్ద వంకాయ మాదిరి వచ్చింది. జేజి చూసి చూసి, "ఇట్లియ్యి. వినాయకునికి ఎన్ని చేతులు చేసింటి" అని తీసుకుంది. చేతులు తడి చేసుకుని సంగటి ముద్ద తిప్పినట్టు అరచేతిలో తిప్పి, గోటితో నాలుగు గీతలు పెట్టి, భుజానికి అతికిచ్చి నా చేతిలో పెట్టింది. నిజంగా చెయ్యే. ఐదు వేళ్లు లెక్కపెట్టొచ్చు. కానీ కత్తి లేదు. అరచెయ్యి ముందుకు తిప్పి, వేళ్లు పైకి పెట్టి... అభయహస్తం.

"జేజీ, వీడు యుద్ధానికి పోవాల."

"పోనీలే, పోయి చెప్పి రమ్మను, వద్దులే అని."

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ప్రైమర్, అంటే రంగులకు ముందు ఏసే పూత, స్ప్రే కొట్టడం ఇంకో తెలివి. ఈ ఎండకు రంగు బొమ్మను చేరేలోపల గాల్లోనే ఆరిపోయి, ఇసక చల్లినట్టు గరుకుగా పడింది. ఒళ్లంతా విబూది పూసుకుని, చెయ్యి ఎత్తి దీవిస్తాండే మనిషి తయారైనాడు. ఇప్పుడు వాడు జేజి మంచం పక్క గూట్లో ఉన్నాడు. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ "ఆ చెయ్యి నేనే చేసినా" అని చూపిస్తాంది.

నెల తర్వాత అమ్మ అంట్లు తోమే పీచు పారేస్తా దులిపితే టిక్కుమని ఏదో కింద పడింది. కందిబేడంత చెయ్యి, పిడికిట్లో కత్తి. నెల రోజులు రోజుకు రెండు పూటలా తోమించుకుని తళతళలాడతాంది. అంత శుభ్రంగా కడిగిన ముక్క నా దగ్గర ఇంకోటి లేదు. అగ్గిపెట్టెలో పెట్టి బీరువాలో దాచినా, జేజికి చెప్పలేదు.