తాతలందరూ దళంలోనే

నిజాం కాలం మీద సినిమా విడుదలైతే వరంగల్‌లో టికెట్టుతో పాటు ఒక తాతను కూడా వెంట తీసుకెళ్లడం ఆచారం. తాత స్వయంగా రానక్కర్లేదు, "మా తాత దళంల పనిచేసిండు" అన్న ఒక్క మాట చాలు. నిజాం మీదా దొరల మీదా ఆయుధం పట్టిన కమ్యూనిస్టు దళం అన్నమాట. హన్మకొండ చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ దాకా మొదటి ఆట క్యూలలో వినబడే తాతలందరినీ కలిపి లెక్కవేస్తే, 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం అంత శ్రమపడి రావాల్సిన పనే లేదు. మనవాళ్లే కాజీపేటలో పొద్దుటి బండెక్కి, హైదరాబాద్‌లో దిగి, నిజాం సంగతి చూసుకుని, సాయంత్రం బండికి తిరిగొచ్చి బర్రెలకు గడ్డి వేసేవాళ్లు.

ఒక్క లెక్కే తేలడం లేదు. ఆ రోజుల్లో ఊరూరా భూముల లెక్క, అదే పహాణీ, రాసే పట్వారీ ఉండేవాడు. శిస్తు వసూలు చేసే మాలీ పటేలు, పోలీసు పటేలు ఉండేవాళ్లు. దొర గడీలో గుమాస్తా ఉండేవాడు. ఇవాళ ఎవరి ఇంటి నుంచి వెట్టికి మనిషి రావాలో ఇంటింటికీ తిరిగి చెప్పేవాడు, నాగుకు, అంటే అప్పుకు, ఇచ్చిన వడ్లకు వడ్డీ వడ్లు కట్టి చిట్టా రాసేవాడు కూడా ఉండేవాళ్లు. వీళ్లకూ పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టారు. మరి ఆ మనుమల్లో ఒక్కడూ సినిమాకు రాడా? వస్తాడు. క్యూలో నిలబడ్డ పావుగంటలో వాళ్ల తాత కూడా దళంలో చేరిపోతాడు.

ఈ చేరికలకు చిత్ర నిర్మాత చేసే సాయం తక్కువేం కాదు. పోస్టర్ మీద "యథార్థ ఘటనల ఆధారంగా" అని జానెడు అక్షరాలు. లోపల తెర మీద "ఇందులోని పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం" అని చీమ తలకాయలంత అక్షరాలు. జనం మొబైల్ టార్చి వేసుకుని సీటు నంబరు వెతుక్కునే ఆ కొద్ది సెకన్లలోనే రెండోది వచ్చి వెళ్లిపోతుంది. దీన్ని మోసం అనకూడదు, ముందుజాగ్రత్త అనాలి. కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో చనిపోయిన మనిషిని నిందించినా భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టమే. అందుకని సినిమాలో దొరకు ముందుగా ఇంటిపేరు పోతుంది, తర్వాత ఊరి పేరు, చివరికి ఉత్త "దొర" మిగులుతాడు. ఇంటిపేరు లేని దొర తెర మీద కొరడా ఎత్తగానే హాల్లో ప్రతివాడికీ అతడు పక్క మండలంవాడేనని తెలిసిపోతుంది. "మా దొర అసొంటోడు కాదన్నా, ఊరికి చెరువు తవ్విచ్చిండు" అని వెనక వరుసలోంచి వినబడుతుంది. కూలి ఎంతిచ్చి తవ్వించాడన్న ప్రశ్న మాత్రం వినబడదు.

ఇంటర్వెల్‌లో జిల్లాల పంచాయితీ మొదలవుతుంది. దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ మాదంటే మాది. ఆమె పోరాడిన పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా ఆ రోజుల్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మాన్ని వరంగల్ నుంచి విడదీసినప్పుడు జనగామను ఇటు కలిపారు. 2016లో జనగామే జిల్లా అయి కూర్చుంది. ఊచకోత జరిగిన బైరాన్‌పల్లిది ఇంకా తమాషా, నల్లగొండ పోయి వరంగల్ వచ్చె, వరంగల్ పోయి సిద్దిపేట వచ్చె. తెర మీద "నల్లగొండ జిల్లా" అని పడితే హన్మకొండ ప్రేక్షకుడు దర్శకుడికి చరిత్ర రాదంటాడు, "వరంగల్ జిల్లా" అని పడితే నల్లగొండ ప్రేక్షకుడు అదే మాట అంటాడు. సమోసా చల్లారేలోపు తేలే తగాదా కాదిది.

ఇక కాగితాలు ఎగరేసే విధానం. రాజకీయ సినిమాకు ఇది మామూలు హీరో సినిమాకన్నా కష్టం. నాయకుడి పాత్ర వచ్చేటప్పుడు కెమెరా ముందు బూట్లు చూపిస్తుంది, తర్వాత వీపు, ఆ తర్వాతే ముఖం. కాగితం మూడో షాట్‌కు లేవాలి. ఆత్రం కొద్దీ బూట్లకే లేపితే ఏమవుతుందంటే, ఆ కాలంలో మంచివాడూ షేర్వానీయే, చెడ్డవాడూ షేర్వానీయే. కాగితాలన్నీ గాల్లో ఉండగా బూట్ల పైన నిజాం వైపు ప్రైవేటు సేన రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ముఖం బయటపడుతుంది. ఎగిరిన కాగితాన్ని వెనక్కి పిలవలేం. అప్పుడు మిగిలే దారి ఒక్కటే, అది పక్కపార్టీవాళ్లు వేశారని చెప్పడం. చించడానికి కూడా సొంత పార్టీ పత్రిక పనికిరాదు, ఎదుటివాళ్లది తెచ్చుకోవాలి. చదివేది ఎటూ లేదు, ఇలాగైనా ఖర్చవుతుంది.

హాల్లో ఎవరి జెండా ఎన్ని నిమిషాలు కనబడిందో లెక్కపెట్టేవాళ్లు వేరుగా ఉంటారు. ఎర్రజెండా వాళ్లు దళాల వెనకున్న సంగం గీతాలకు చప్పట్లు కొట్టి, సర్దార్ పటేల్ రాగానే ఫోన్లు చూసుకుంటారు. కాషాయం వాళ్లు పటేల్‌కు లేచి నిలబడి, సంగం గీతాలప్పుడు మంచినీళ్లకు వెళ్తారు. మూడు రంగుల వాళ్లు అప్పటి హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను ఎక్కడ చూపిస్తారోనని చివరిదాకా చూసి ఉసూరుమంటారు. గులాబీ వాళ్లు మొత్తం కథలో 2014 ఎందుకు రాలేదని అడుగుతారు.

వీళ్లందరూ కలిసి లేచి వెళ్లే సీను ఒక్కటుంది. షోయబుల్లా ఖాన్ సీను. "ఇమ్రోజ్" పత్రిక నడిపినవాడు, రజాకార్లను ఎదిరించి, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినవాడు. 1948 ఆగస్టులో కాచిగూడలో రాత్రి దారికాచి, రాసే చేతిని నరికి చంపారు. ఆయన పోయిన నెల తిరగకముందే సైన్యం వచ్చింది. ఇంతటి సీనుకు హాల్లో ఒక్క ఈల పడదు. పడాలంటే ముందు ఆయన ఎవరి తాతో తేలాలి. ముస్లిం గనక ఒకరికి కథ అడ్డం తిరుగుతుంది, దళంలో లేడు గనక ఇంకొకరికి పనికిరాడు, పత్రిక నడిపింది హైదరాబాద్‌లో గనక ఇక్కడ అడిగేవాడు లేడు. మూత్రశాల దగ్గర రద్దీ ఎక్కువగా ఉండేది ఆ రెండు నిమిషాలే.

అసలు ప్రమాదం నిజాం లొంగిపోయిన సెప్టెంబర్ 17 దగ్గర ఉంది. ఆ రోజు విమోచనమా, విలీనమా, సమైక్యతా, విద్రోహమా, ప్రజాపాలన దినోత్సవమా అన్నది మన దగ్గర కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి, జెండా ఎగరేసే మైదానాన్ని బట్టి మారుతుంది. సినిమాలో పాత్ర నోరు విప్పి ఏదో ఒక మాట అనక తప్పదు. ఏది అన్నా హాల్లో ముప్పాతిక వంతు మంది మనసు నొచ్చుకుంటారు. దీనికి సెన్సార్ వాళ్లే మార్గం చూపించారు. బూతుమాటను మ్యూట్ చేస్తే పెదాలను బట్టి హాలంతా దాన్ని పూరించుకుంటుంది కదా, ఈ మాటనూ అలాగే మ్యూట్ చేయాలి. "ఈ రోజు మనకు…" అని పెదాలు కదులుతాయి. ఎవరి మాట వాళ్లకు వినబడుతుంది, ఐదు రకాల ఈలలూ ఒకేసారి పడతాయి.

రేడియోలో నిజాం మాట్లాడతాడు, జెండా లేస్తుంది, సినిమా అయిపోతుంది. పోరాటం మాత్రం 1951 అక్టోబర్ దాకా నడిచింది. రజాకార్లు పోయాక ఆ మూడేళ్లూ దళాలు ఎవరితో తలపడ్డాయో, సైన్యం ఎవరిని వెతికిందో చూపించడానికి రన్‌టైం సరిపోదు. పేర్లు పడుతుండగా ఒక చిన్న ముక్క కలపవచ్చు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ఉన్నది ఇదే నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కలిపినా చూసేవాడు ఉండడు. అప్పటికి హాలు ఖాళీ, జనమంతా పార్కింగులో ఉంటారు.

అక్కడ ఇరుక్కున్న బండిని వెనక్కి లాగుతూ ఒక మనుమడు కండ్లు తుడుచుకుంటాడు. "మా తాతనే యాదికొచ్చిండన్నా. దళంల ఉన్నా గని మస్తు చదువుకున్నోడు. ఊరి పహాణీ మొత్తం ఆయన చేతిరాతనే."