బొమ్మల కంటే ముందు దస్తావేజు

ప్రకాశం జిల్లా దొనకొండ మండలం చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధక్షేత్రం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన సున్నపురాతి ఫలకం ఒకటి, ఎన్ని చేతులు మారిందో గాని, 2005లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీకి చేరింది. బుద్ధుని ఆరాధకులను చెక్కిన, సుమారు 3వ శతాబ్దం నాటి ఆ ఫలకానికి గ్యాలరీవారు న్యూయార్క్ వ్యాపారికి చెల్లించిన ధర దాదాపు 6 లక్షల అమెరికన్ డాలర్లు. అది దొంగసొత్తని తేలాక 2016లో భారతదేశానికి అప్పగించారు. నెల్లూరు జిల్లా ఉదయగిరి కోటలోని బాలకృష్ణుడి విగ్రహం ప్రయాణం వేరే రకం. 1514లో దుర్గాన్ని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు ఆ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి గుడి కట్టించాడు. అదేనని గుర్తించిన విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రాజు తీసుకుపోయినా, దొంగ తీసుకుపోయినా, తమ నేల మీది మేలిమి పనితనాన్ని చూడడానికి ఇక్కడివాళ్లే రైలెక్కాల్సి వచ్చింది.

అందుకే నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రజల విరాళాలతో, ప్రజల పేరనే ఒక కళాసేకరణ ఉండాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా ఆహ్వానించదగ్గదే. చిక్కేమిటంటే, ఆ మాట ఎత్తగానే చర్చ భవనం మీదికి, శంకుస్థాపన మీదికి, శిలాఫలకంపై ఎవరి పేరు ముందుండాలన్న దాని మీదికి మళ్లిపోతుంది. ముందు తేల్చవలసింది ట్రస్టు దస్తావేజు, ఆ తర్వాత ఏటేటా అయ్యే పోషణ ఖర్చు, ఆ తర్వాతే కొనుగోళ్లు. భవనం గురించి పదేళ్ల దాకా మాట్లాడకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం.

దానం చేయడం ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని నెలకొల్పారు. 2022లో జిల్లాలను విడదీసేదాకా ప్రకాశంలోనే ఉన్న వేటపాలెంలో, 1918లో ఊరి యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం నూరేళ్లు దాటి నిలిచింది. అక్కడి పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ పత్రికలను ఇచ్చినవారికి ఎంత పుణ్యముందో, వాటిని కుట్టించి, బీరువాలో సర్ది, అడిగినవారికి తీసి చూపించినవారికీ అంతే ఉంది. అయితే మన దాతృత్వంలో ఆ రెండో పనికి గౌరవం తక్కువ. గుడిలో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయిస్తాం, పేరు పెద్దదై వెలుతురు తగ్గినా సర్దుకుంటాం. కాలిపోయిన లైటు మార్చే ఖర్చుకు మాత్రం ఎవరి పేరూ ఉండదు.

ఇక సేకరించవలసినదేమిటి? పురావస్తువుల జోలికి పోకూడదన్నది మొదటి మాట. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి; నూరేళ్లు పైబడిన శిల్పాలు, చిత్రాలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. ఒక చిన్న ట్రస్టు ఆ బరువు మోయలేదు. పైగా చందవరం ఉదంతం చూశాక, ఎక్కడిదో తెలియని పాతరాయిని సదుద్దేశంతో కొన్నా అది దొంగలకే మేలు చేస్తుంది.

బతికున్న కళాకారుల పని ఇందుకు భిన్నమైనది. ఉదయగిరి చెక్క గరిటెలనే తీసుకుందాం. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కలివి వంటి కర్రతో, ఎక్కువగా ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు వీటిని చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మంచి గరిటె పట్టుకుని చూస్తే, తలభాగం గోరంత మందానికి పలచబడి ఉంటుంది. కాడ చివర చెక్కిన నగిషీలో ఎక్కడా అతుకు కనబడదు, అంతా ఒకే ముక్క. అటువంటిది ఊళ్లో నిలవదు. ప్రదర్శనకు పోగానే అన్నిటికంటే ముందు అదే అమ్ముడుపోతుంది, మిగిలినవి మామూలు రకాలు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో కొత్తగా పని నేర్చుకునే అమ్మాయికి, తన అమ్మమ్మ చేయి ఎంత దూరం వెళ్లిందో చూపడానికి ఒక్క నమూనా కూడా ఊళ్లో ఉండదు. జిల్లాగీత మారి తిరుపతి వైపు వెళ్లిన వెంకటగిరిలోనూ ఇంతే: జాందానీ బుటా పనితనమంతా పెళ్లిళ్లకు, పట్టణాలకు వెళ్లిపోతుంది, నేసిన ఇంట్లో నేత మిగలదు. అంచేత సమాజపు సేకరణ అంటే చూసి ఆనందించడానికి మాత్రమే కాదు, చేసేవాళ్లు వచ్చి కొలతలు తీసుకోవడానికి కూడా. ఏటా ప్రతి పనితనంలోనూ మేలైనది ఒకటి, పూర్తి ధర చెల్లించి కొని, చేసినవారి పేరు, ఏడాది, వాడిన కర్ర లేక నూలు రిజిస్టరులో రాసి ఉంచితే చాలు. స్థానిక చిత్రకారుల బొమ్మలకూ, తోలుబొమ్మలకూ, పాత స్టూడియోల ఫొటోలకూ ఇదే పద్ధతి. ఊరికే ఇమ్మని కళాకారుణ్ని అడగడం మాత్రం మానుకోవాలి. సొమ్ము రూపంలో ఇచ్చిన దాతకు ఆదాయపు పన్నులో రాయితీకి వీలుంది. వస్తురూపంలో ఇచ్చిన దానికి లేదు. అంటే లక్ష చెక్కు రాసినవారికి పన్ను తగ్గే వీలుంది, లక్ష విలువ చేసే చిత్రం ఇచ్చినవారికి దండ మాత్రమే దక్కుతుంది.

దస్తావేజు విషయానికి వస్తే, అందులో అన్నిటికంటే గట్టిగా ఉండవలసిన షరతు అమ్మకం గురించినది. ఇంగ్లండులోని నార్తాంప్టన్ పురపాలక సంఘం, ఒక ప్రభువుల కుటుంబం 19వ శతాబ్దంలో మ్యూజియానికి ఇచ్చిన సేఖెమ్కా అనే ఈజిప్టు శిల్పాన్ని, మ్యూజియం విస్తరణకు డబ్బు కావాలంటూ 2014లో వేలం వేసి దాదాపు 1.6 కోట్ల పౌండ్లు తెచ్చుకుంది. దాత వారసుడు అడ్డుతగిలితే ఆయనకూ వాటా ఇచ్చి ఒప్పించింది. ఫలితంగా ఆ మ్యూజియం తన అధికారిక గుర్తింపును కోల్పోయింది. అక్కడే అంత పనైతే, పాలకవర్గం మారిన ప్రతిసారీ పాత లెక్కలు తిరగేసే మన ఊళ్లలో ఏమవుతుందో ఊహించవచ్చు. ట్రస్టు మూతపడితే వస్తువులు ఏ ప్రభుత్వ మ్యూజియానికి చేరాలో పేరుతో సహా ముందే రాయాలి. దాతల కుటుంబాలకు ట్రస్టీలలో మెజారిటీ ఉండకూడదు. కొనుగోలు సంఘంలో ఉన్న కళాకారుడి పనిని ఆయన పదవిలో ఉన్నంతకాలం కొనకూడదు. మరో సంగతి చాలామందికి తెలియదు: చిత్రం కొన్నంత మాత్రాన కాపీరైటు రాదు, దాన్ని పాడుచేసే హక్కు అసలే రాదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకి పారేస్తే, శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెక్కి 2005లో గెలిచారు. మిగిలిన ముక్కలను తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల పరిహారం చెల్లించాలనీ ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది.

డబ్బు సంగతి అందరూ అనుకునేంత కష్టం కాదు, అలాగని సులువూ కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి; కళల పరిరక్షణ, చేతివృత్తుల ప్రోత్సాహం ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి, స్థానిక ప్రాంతానికే ప్రాధాన్యం ఇమ్మనీ చట్టం చెబుతోంది. కృష్ణపట్నం రేవు, దాని చుట్టూ ఉన్న విద్యుత్ కేంద్రాలు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ఉన్న జిల్లాల్లో అడగడానికి గడపలు తక్కువేమీ కావు. అయితే 2021 సవరణల తర్వాత ట్రస్టు మూలధనానికి ఇచ్చే సొమ్ము ఈ లెక్కలోకి రాదు. కనుక కొనుగోళ్లకూ, జాబితా తయారీకీ కంపెనీల సొమ్ము వాడుకుని, వడ్డీతో జీతం, కరెంటు బిల్లు గడిచేలా మూలధనాన్ని మాత్రం వ్యక్తుల దగ్గర, చిన్న చిన్న మొత్తాల్లో కూడబెట్టాలి. ఈ రెండో పని నెమ్మదిగా సాగుతుంది, ఫొటోలు పడవు. అయినా దీన్ని తప్పించుకునే దారి నాకు కనబడడం లేదు.

పోషణ అంటే ముఖ్యంగా తేమతో పోరు. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊపిరాడనివ్వవు. కాగితానికి బూజు, చెక్కకు చెదలు, పట్టుకు పురుగు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి గుర్తుంటే, ఏ వస్తువునూ కింది అంతస్తులో పెట్టరాదని వేరే చెప్పనక్కర్లేదు. కాగితం మీది రంగులకూ, బట్టకూ 50 లక్సుకు (లక్సు అంటే వెలుతురు కొలమానం) మించిన వెలుతురు పనికిరాదు కాబట్టి అసలు ప్రతిని ఏడాదిలో కొన్ని నెలలే బయట పెట్టి, ఆసుపత్రి వరండాల్లో, బడుల్లో మేలైన ముద్రణ ప్రతులు వేలాడదీయవచ్చు. ఇందుకు ఇప్పుడే కొత్త కట్టడం అవసరమా? ఆస్తిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నారు. జిల్లా గ్రంథాలయ సంస్థను పైఅంతస్తులో ఒక గది, రెండు ఇనుప బీరువాలకు చోటు అడిగి, రాతపూర్వకమైన ఒప్పందం చేసుకుని, ఆ గది తాళం బాధ్యతను జీతమిచ్చే ఒక ఉద్యోగికి అప్పగిస్తే మొదటి ఏడాదికి అది సరిపోతుంది.