రామప్పకు పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చేయకండి

మేముండే అమెరికాలోని నార్త్ కరోలినాలో లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మన తెలుగువాళ్లు కారెక్కాల్సిందే. తూర్పుకు పోతే ఔటర్ బ్యాంక్స్ ఇసుక దీవులు, పడమటికి పోతే బ్లూ రిడ్జ్ కొండలు, దక్షిణానికి దిగితే చార్ల్‌స్టన్, సవానా లాంటి పాత ఊళ్లు. సముద్రం, కొండలు, చరిత్ర అన్నీ ఒక్క సెలవులో చుట్టి రావచ్చు. అందులోనూ బ్లూ రిడ్జ్ పార్క్‌వే అంటే మనవాళ్లకు ప్రాణం. 469 మైళ్ల ఆ రోడ్డు పని 1935లో మొదలైతే 1987 దాకా సాగింది. గంటకు 45 మైళ్లు దాటకూడదు, సరుకు లారీలకు ప్రవేశం లేదు. చూస్తూ పోవడానికే వేసిన రోడ్డది. బండి పక్కన పెట్టి లోయలోకి చూసే చోట్లు దారి పొడవునా ఉంటాయి. అక్కడ మనవాళ్లు ఎంత ఓపికగా ఆగుతారో! పులిహోర డబ్బాలు విప్పుతారు, బోర్డు మీద రాసింది పిల్లలకు చదివి వినిపిస్తారు, పొద్దుగూకే వేళకు ఆష్‌విల్‌లోనో బూన్‌లోనో గది తీసుకుని తెల్లారి మళ్లీ బయల్దేరుతారు.

అదే కుటుంబం డిసెంబర్లో ఇండియా వెళ్లి వరంగల్ చూడాలనుకుంటే ఏం జరుగుతుంది? హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటికి బండి కదులుతుంది. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, మధ్యాహ్నానికి రామప్ప, వీలైతే లక్నవరం. ఉయ్యాల వంతెన మీద నాలుగు ఫోటోలు దిగి, రాత్రి పదకొండుకల్లా మళ్లీ హైదరాబాద్. మర్నాడు అడిగితే ఏది ఎక్కడ చూశామో పిల్లలకు గుర్తుండదు. ఏ గుడి చూసినా ఒకేలా ఉందంటారు. తప్పు వాళ్లది కాదు. పార్క్‌వే మీద వాళ్లకిచ్చిన తీరికను మనం ఇక్కడ ఇవ్వలేదు. నేను హన్మకొండలో పుట్టి పెరిగినదాన్ని. మా ఉత్తర తెలంగాణకు ఐదు రోజులివ్వండి, రాత్రుళ్లు అక్కడే పడుకోండి అని అడగడానికే ఇది రాస్తున్నాను.

రామప్పతోనే మొదలుపెడతాను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. పునాదిలో ఇసుక పోశారని, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని గైడు చెబుతాడు. అంతా విని, ఫోటో తీసుకుని వచ్చేస్తాం. గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దున్నే వెళ్తే నున్నటి నల్లరాతి స్తంభాల మీద వెలుతురు మెల్లగా లోపలికి పాకడం చూడొచ్చు. చూరు కింద వాలుగా నిలబడ్డ మదనికలు, అంటే రాతిలో చెక్కిన ఆడవాళ్ల బొమ్మలు, పన్నెండింటి ఎండలో వట్టి నీడల్లా కనిపిస్తారు. ఏటవాలు ఎండ పడితే ఒక్కొక్కరి నగల్లో పూసలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. వారిలో ఒక వేటగత్తె కాళ్లకు మడమ ఎత్తున్న చెప్పులుంటాయి. ఆమెను పిల్లలే వెతికి పట్టుకోవాలి, మనం చూపించకూడదు. లోపలి స్తంభాల చెక్కడంలో దారం దూరేంత సన్నటి రంధ్రాలున్నాయి. ఇవి పది నిమిషాల్లో చూసేవి కావు.

గుడి నుంచి రామప్ప చెరువు కట్ట మీదికి తప్పకుండా వెళ్లండి. హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో వచ్చిపోయేవాళ్లలో చాలామంది ఈ ఒక్కటే వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం ప్రయాణానికి కీలకం ఇక్కడే ఉంది. కాకతీయులు, వాళ్ల సేనానులు ఊరు, గుడి, చెరువు మూడింటినీ కలిపి తలపెట్టారు. రెండు గుట్టల మధ్య సందు చూసుకుని మట్టికట్ట పోసి, పొలాలకు నీళ్లు వదలడానికి తూములు పెట్టి, ఎక్కువైన నీరు పోవడానికి మత్తడి కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు పోతుంది, అది నిండితే ఇంకా కిందికి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. పాఖాల, రామప్ప, లక్నవరం, ఘనపురం పెద్ద చెరువులు. వాటి చుట్టూ ఊరూరా చిన్నవి లెక్కలేనన్ని. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ కట్టల కింద ఈరోజుకీ వరి పండుతోంది. పూడిక నిండి పాడైన చెరువులను బాగుచేయడానికి 2015లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది అందుకే.

ఇది పుస్తకంలో చదివితే ఒంటబట్టదు. నర్సంపేట మీదుగా పాఖాల చూసుకుని, ములుగు దాటి, గోవిందరావుపేట దగ్గర లక్నవరం వైపు తిరిగితే, కారు కిటికీలోంచే అర్థమైపోతుంది: అడవి, గుట్ట, కట్ట, కట్ట కింద పచ్చటి పొలం, పొలం దాటాక ఊరు, మళ్లీ అడవి. కట్ట మీద ఆగి, తూము ఎక్కడుందో అక్కడ వల సర్దుకుంటున్న బెస్తాయనను అడగండి. "ఈసారి మత్తడి దుంకిందా అన్నా?" అంటే చాలు, ఏ ఏడు ఎన్ని రోజులు దుంకిందో, నాటు ఎప్పుడు పడిందో, చేపపిల్లలు ఎప్పుడు వదిలారో అంతా చెబుతాడు. మన పిల్లల తెలుగు ఎంత తడబడినా ఆయన విసుక్కోడు. ఆ రాత్రి లక్నవరం దీవిలో కాటేజీ దొరికితే సరి, దొరక్కపోతే రామప్ప చెరువు పక్కన హరిత హోటల్ ఉంది. సందర్శకుల బళ్లన్నీ వెళ్లిపోయాక చెరువు మీద నిశ్శబ్దం ఎలా ఉంటుందో అక్కడ పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

సముద్రం లేని రోడ్ ట్రిప్ ఏం ట్రిప్ అని మా పెద్దమ్మాయి అడిగింది. ఓరుగల్లుకు సముద్రం ఉండేది. చీరాల పక్కనున్న మోటుపల్లి కాకతీయుల రేవు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే కాలంలో, అలా లాక్కోబోమని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తీరిక ఉన్నవాళ్లు ఈ ప్రయాణానికి ఆ కొసను కూడా కలుపుకోవచ్చు. నాకు మాత్రం గోదావరి చాలు.

లక్నవరం నుంచి పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర జరిగే ఆ నాలుగు రోజులు కాకుండా మామూలు రోజుల్లో వెళ్తే సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర తీరిగ్గా నిలబడొచ్చు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయవాళ్ల మీదికి ఓరుగల్లు సైన్యం వచ్చిందని, తల్లీకూతుళ్లు ఎదురు నిలిచి పోరాడారని, జంపన్న దూకిన సంపెంగవాగే జంపన్నవాగు అయిందని కథ. పొద్దున రామప్పలో ఎవరి పాలనను మెచ్చుకున్నామో, మధ్యాహ్నానికి మేడారంలో వాళ్లకే ఎదురు తిరిగిన ఆడవాళ్లకు దండం పెడతాం. రెండింటి మధ్యా ఉన్నది కొద్ది గంటల దారే. నా మట్టుకు నాకు పిల్లలకు చరిత్ర చెప్పడానికి ఇంతకంటే మంచి దారి తెలియదు. వెంటనే తిరుగుబాట పడితే ఆ రెండో మాట వాళ్ల చెవిన పడదు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారని, మొక్కు తీరితే మనిషి ఎత్తు బంగారం తూచి ఇస్తారని చెబితే మా పిల్లలు గద్దెల దగ్గర నుంచి కదల్లేదు.

మేడారం నుంచి కాల్వపల్లి, కాటారం మీదుగా కాళేశ్వరం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. అవతలి ఒడ్డున మహారాష్ట్ర, సిరొంచ. ఈ పక్క భూపాలపల్లి బొగ్గు గనులున్నాయి కాబట్టి దారిలో లారీలు తగులుతాయి. దుమ్ముంటుంది, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. మంథనిలో ఒక పూట ఆగి పాత వీధుల్లో నడవండి. పీవీ నరసింహారావు శాసనసభకు గెలిచిన ఊరది. అక్కడి నుంచి గోదావరి గట్టున పడమటికి పోతే కోటిలింగాల. శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు దొరికిన చోటు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఆ పాతకోట నేలను కొంత ముంచాయి. చార్ల్‌స్టన్‌లో ప్రతి ఇటుకకూ పలక తగిలించి చూపిస్తారు. ఇక్కడ రెండువేల ఏళ్ల ఊరికి దారి చెప్పే బోర్డు కోసం కళ్లు కాయలు కాస్తాయి. నాకు నిజంగా కోపం వచ్చేది ఈ విషయంలోనే.

ధర్మపురి నరసింహస్వామి దర్శనం చేసుకుని రాయపట్నం వంతెన దాటితే లక్సెట్టిపేట, జన్నారం. జన్నారం నుంచి ఉట్నూరు దాకా కవ్వాల అడవి. 2012 నుంచి అది పులుల రక్షిత ప్రాంతం. ఆ దారిని తప్పకుండా పగలే దాటండి. చీకటి పడితే మనకూ మంచిది కాదు, జంతువులకూ మంచిది కాదు.

ఉట్నూరు దాటాక ఇంద్రవెల్లి దగ్గర ఉండే కేస్లాపూర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. పుష్య అమావాస్యకు అక్కడ నాగోబా జాతర. మెస్రం వంశం గోండులు దానికి ముందు జన్నారం దగ్గర హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. మనం కారులో దాటే ఆ అడవిని వాళ్లు కుండ మోసుకుంటూ, దారిలోని ఊళ్లలో ఆగుతూ, రోజుల తరబడి నడుస్తారు. ఇప్పుడున్న రాతిగుడిని తమ వంశం వాళ్లు పోగుచేసిన డబ్బుతోనే కట్టుకున్నారు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసీల స్తూపం ఉంది. అక్కడ దిగి నిలబడండి. ఓ పూట చేతిలో ఉంటే కెరమెరి ఘాట్ ఎక్కి కొమురం భీం నేలకొరిగిన జోడేఘాట్ కూడా చూడొచ్చు. మనుషులను అడగకుండా ఫోటోలు తీయకండి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కోండి, ఇంటికి తేవడానికి కూడా.

తిరుగు దారిలో కుంటాల జలపాతం, తర్వాత నిర్మల్. పొణికి కర్రతో బొమ్మలు చేసే ఇళ్లకు వెళ్తే రంగులు వేస్తుండగానే చూడొచ్చు. జలపాతం డిసెంబర్లో సన్నగా ఉంటుంది. జూలై ఆఖరులో వెళ్తే హోరెత్తిపోతుంది కానీ రాళ్లు పాచిపట్టి ఉంటాయి, నీళ్లలోకి దిగనే వద్దు.

ఇదంతా విని మనవాళ్లు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు, దారిలో బాత్రూములు ఎలా ఉంటాయో, పిల్లల కడుపులకు నీళ్లు పడతాయో లేదో. న్యాయమైన భయాలే. అందుకే రోజుకు మూడు నాలుగు గంటలకు మించి కారులో కూర్చోవద్దంటున్నాను. పెద్దవాళ్లను కష్టపెట్టేది ఊళ్లు కాదు, ఒక్కరోజులో అన్నీ చూపించాలన్న మన ఆరాటం. జొన్న రొట్టె, పప్పు, పచ్చిపులుసు ఎవరినీ ఏమీ చేయవు. పొద్దున సర్వపిండి కాల్చే ఇల్లు దొరికితే వదలకండి.

డ్రైవర్ సంగతి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. ఐదింటికి మన గుమ్మం ముందు బండి నిలిపిన మనిషి మూడింటికే లేచి ఉంటాడు. రాత్రి పదకొండుకు మనల్ని దింపాక ఇంకో గంట నడిపి ఇంటికి చేరతాడు. అమెరికాలో ఎనిమిది గంటలు నడిపితే చాలు, మొగుడూ పెళ్లాలం సీటు మార్చుకుంటాం. ఇక్కడ ఇరవై గంటలు మేలుకున్నవాడి చేతిలో పిల్లల్ని పెట్టి వెనక సీట్లో నిద్రపోతాం. రోజుకు మూడు నాలుగు గంటల ప్రయాణమైతే ఆ తమ్ముడికీ నిద్ర ఉంటుంది. అతనికి గది, భోజనం మన ఖర్చులోనే లెక్కేసుకోవాలి. మన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుంటే ఏ ఊళ్లో ఏ హోటల్ మంచిదో అతనే చెబుతాడు.

రాత్రి ఉండడం వల్ల ఊరికి కూడా లాభం. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల వల్ల పాలంపేటకు మిగిలేది పార్కింగ్ రుసుము, ప్లాస్టిక్ సీసాలు. పడుకుంటే లాడ్జీ నడుస్తుంది, టిఫిన్ బండి నడుస్తుంది, గైడుకు రెండో రోజు కూడా పని దొరుకుతుంది. కాళేశ్వరానికీ ఉట్నూరుకూ మధ్య శుభ్రమైన గదులు తక్కువ. అడిగేవాళ్లు పెరిగితేనే కట్టేవాళ్లు వస్తారు. అమెరికాలోని మన తెలుగు సంఘాలు మహాసభలకు సినిమా తారలను పిలిపించడానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, ఈ దారిలోని ఊళ్ల గైడులకు శిక్షణ ఇప్పించమని, కోటిలింగాల లాంటి చోట్ల రెండు భాషల్లో బోర్డులు పెట్టడానికి పురావస్తు శాఖ అనుమతి అడగమని మన సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ పని ఎవరైనా తలకెత్తుకుంటే చందా ఇచ్చేవాళ్లలో మా ఇల్లు ముందుంటుంది.

ఈ శీతాకాలానికి టికెట్లు కొనేవాళ్లు పెళ్లిళ్లు, షాపింగులు అయ్యాక మిగిలిన రోజులను దీనికి ఉంచకండి, అవి ఎప్పుడూ మిగలవు. దిగిన రెండో వారంలో, జెట్‌లాగ్ తగ్గాక, ఐదు రోజులు ముందే రాసిపెట్టుకోండి. లక్నవరం కాటేజీలు శనాదివారాలు దొరకడం కష్టం, వారం మధ్యలో చూసుకోండి. నాగోబా జాతర కూడా చూడాలనుకుంటే పంచాంగంలో పుష్య అమావాస్య ఎప్పుడో చూసి దాన్నిబట్టి టికెట్ తీసుకోండి, ఉట్నూరులోనో ఆదిలాబాద్‌లోనో గది ముందే మాట్లాడుకోండి. స్వెటర్లు మాత్రం మరిచిపోవద్దు. జనవరిలో ఆదిలాబాద్ చలి మన నార్త్ కరోలినా పిల్లలకు కూడా గట్టిగానే తగులుతుంది.