మెటల్‌లో రాజకీయాలు నిన్న మొన్న దూరినవి కావు

"ఎక్స్‌ట్రీమ్ మెటల్‌ని లెఫ్ట్ వాళ్లు నాశనం చేశారు" అంటూ ఒక పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. (ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటే హెవీ మెటల్ రాక్‌లో మరీ కటువుగా, గొంతు చించుకుని అరిచే రకం.) పంపిన ప్రతివాళ్లూ కింద "నిజమే కదా?" అని ఒక ముక్క తగిలిస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

అందులో మొదటి మాట: ఈ సంగీతంలో రాజకీయాలు ఉండేవే కావు, లెఫ్ట్ వాళ్లు పదేళ్ల కిందట వచ్చి చేరారు. ఇంగ్లండ్ బ్యాండ్ నేపామ్ డెత్‌ని ఏం చేద్దాం మరి? 1984లో వాళ్ల పాట బయటికొచ్చిందే క్రాస్ అనే అనార్కిస్ట్ పంక్ బ్యాండ్ లేబుల్ తెచ్చిన సంకలనంలో. 1987 నాటి వాళ్ల ఆల్బమ్ 'స్కమ్' మొదలయ్యేదే బహుళజాతి కంపెనీల మీద అరుపుతో. అట్ట మీద సూట్లు వేసుకున్న పెద్దమనుషులు, కింద పుర్రెలు, కంపెనీల లోగోలు. ఆ బొమ్మ గీసింది తర్వాత కార్కస్ అనే బ్యాండ్‌లో పాడిన జెఫ్ వాకర్. అంతకంటే ముందు 1982లోనే డిశ్చార్జ్ అనే పంక్ బ్యాండ్ అణుయుద్ధం మీద ఆల్బమ్ చేసింది. వాళ్ల డ్రమ్స్ పద్ధతిని ఇప్పటికీ డీ-బీట్ అంటున్నాం. ఆ దరువు కావాలి, అది ఏ కోపంలోంచి పుట్టిందో మాత్రం వద్దంటే ఎలా? బ్రెజిల్ సంగతీ అంతే. 1992లో కరందిరు జైల్లో పోలీసులు 111 మంది ఖైదీలను చంపేస్తే, ఏడాది తిరిగేసరికి అక్కడి మెటల్ బ్యాండ్ సెపుల్తురా దాని మీద పాట చేసింది.

రెండోది, ఆ అరుపుల్లో మాటలు ఎలాగూ అర్థం కావు కాబట్టి రాజకీయాల గొడవే అనవసరం అట. అర్థం కావు, నిజమే. అందుకే లిరిక్స్ అచ్చేసి ఇస్తారు, చదువుకుంటాం. 2015లో ఇండొనేషియా అధ్యక్షుడిగా ఉన్న జోకో విడోడో నేపామ్ డెత్ అభిమాని. డ్రగ్స్ కేసులో మరణశిక్ష పడిన ఇద్దరు ఆస్ట్రేలియన్లను చంపొద్దని గాయకుడు బార్నీ గ్రీన్‌వే ఆయనకు బహిరంగ లేఖ రాశాడు. ఆ ఏప్రిల్‌లో ఇద్దరినీ కాల్చి చంపారు. లేఖ పనిచేయలేదు. కానీ పాటల్లో అరిచిన మాట కోసం, తన అభిమాని అని కూడా చూడకుండా ఒక దేశాధ్యక్షుణ్ణి నిలదీశాడు. ఇవి ఉత్త అరుపులా?

"బ్లాక్ మెటల్ ఆత్మే ద్వేషం, సమానత్వానికి అక్కడ చోటు లేదు" అన్నది మూడో మాట. బ్లాక్ మెటల్ అంటే ఎక్స్‌ట్రీమ్ మెటల్‌లో చర్చి మీద తిరగబడ్డ ఒక శాఖ. ద్వేషం ఎవరి మీద అన్నది కదా ప్రశ్న. లివర్‌పూల్ బ్యాండ్ డాన్ రేడ్ పోలీసుల్నీ, ఫాసిస్టుల్నీ ద్వేషిస్తూ ఎనిమిదేళ్లు బ్లాక్ మెటలే వాయించింది. దీని మీద ఇంతకంటే అక్కర్లేదు.

నన్ను మండించింది నాలుగోది. "నాజీ గుర్తులు కూడా తలకిందుల శిలువ లాంటివే, షాక్ కోసం పెడతారు. అభ్యంతరం చెప్పేవాళ్లే రాజకీయాలు తెస్తున్నారు."

తలకిందుల శిలువ ఎవరి మీద? నార్వేలో ఆ రోజుల్లో చర్చి అంటే ప్రభుత్వ మతం, అధికారం ఉన్న వ్యవస్థ. స్వస్తిక ఎవరి మీద? అదే హాల్లో టికెట్ కొనుక్కుని నిలబడ్డ యూదు కుర్రాడి మీద, నల్లజాతి అమ్మాయి మీద. ఈ రెండూ ఒకటే ఎలా అవుతాయి? పోనీ, షాక్ కోసమే అనుకుందాం. జర్మనీలో అబ్సర్డ్ అనే బ్యాండ్ కుర్రాళ్లు 1993లో పదిహేనేళ్ల పిల్లాడిని చంపారు. ఆ పిల్లాడి సమాధిరాయి ఫొటోని తర్వాత తమ క్యాసెట్ కవర్ మీద వేసుకున్నారు. వాళ్లలో ఒకడు పెరోల్ మీద బయటికొచ్చి కచేరీలో హిట్లర్ సెల్యూట్ కొట్టాడు. పెరోల్ రద్దు కాగానే అమెరికా పారిపోయి, అక్కడ నియో-నాజీ నాయకుడి పంచన చేరాడు. ఇదంతా స్టేజీ వేషమా? వేషగాడు కచేరీ అయ్యాక రంగు కడుక్కుంటాడు, నాజీల దగ్గర తలదాచుకోడు. వేదిక మీద స్వస్తిక పెడితే కళ అట, దాన్ని తీసేయమంటే రాజకీయం అట! ఈ లెక్క నెత్తికెత్తుకుని నాకు ఫార్వర్డ్ చేసినవాళ్లలో మంచి మనుషులున్నారు, అదే నా బాధ. ఆ గుర్తు చూసి ఇంకెప్పుడూ కచేరీకి రాని వాళ్లు ఎందరో వీళ్ల లెక్కలోకే రారు, ఎందుకంటే వాళ్లు కనపడరు.

ఇక్కడ ఆ మెసేజ్ రాసినవాడు వాడుకోని విషయం ఒకటి నేనే చెబుతాను. మేహెమ్ అనే బ్యాండ్ గిటారిస్ట్ యూరోనిమస్, నార్వే బ్లాక్ మెటల్‌కి పెద్ద దిక్కు, కుర్రతనంలో మావోయిస్టు యువజన సంఘం సభ్యుడు. స్టాలిన్ అన్నా, రుమేనియా నియంత చౌషెస్కూ అన్నా మోజు. ఆ మోజు కూలీల మీద ప్రేమతో కాదు, ఆ క్రూరత్వం నచ్చి. కాబట్టి ఈ సంగీతంలో ఎర్రజెండా పట్టిన ప్రతివాడూ మనవాడే అని నేను అనను. స్టాలిన్ బొమ్మ పెట్టుకున్న బ్యాండ్‌నీ 'ఇది ఎవరి మీద' అన్న అదే ప్రశ్న అడగాలి.

చివరిది, లెఫ్ట్ బ్యాండ్లకు వాయించడం రాదని. అమెరికా బ్యాండ్ పనాప్టికాన్ 2012లో తెచ్చిన 'కెంటకీ' ఆల్బమ్ వినండి. బొగ్గు గని కార్మికుల సమ్మెల మీద తీసిన బ్లాక్ మెటల్ అది, మధ్యమధ్యలో బాంజో వినిపిస్తుంది. 1931లో గని యాజమాన్యం తరఫున షెరీఫ్ మనుషులు ఇంటి మీదపడి సోదా చేస్తే, యూనియన్ నాయకుడి భార్య ఫ్లోరెన్స్ రీస్ క్యాలెండర్ కాగితం మీద రాసిన పాట కూడా అందులో ఉంది. నువ్వు ఎవరి పక్షం అని అడిగే పాట. అది విన్నాక కూడా వాయించడం రాదనిపిస్తే మీ చెవులూ నా చెవులూ వేరు, అంతే.