హెడ్‌ఫోన్స్ రివ్యూల్లో కంఫర్ట్‌కి ఒక్క ముక్కేనా?

బయటి హోరుని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ రివ్యూ ఏది తెరిచినా మొదట బాస్ గురించే. తర్వాత ట్రెబుల్, యాప్, ఈక్వలైజర్. అన్నీ అయ్యాక చివర్లో "కంఫర్ట్ కూడా బాగుంది" అని ఒక్క ముక్క. ప్రయాణాల కోసం కొనేవాళ్లకి ఈ వరస పూర్తిగా తలకిందులు. పది గంటల ఫ్లైట్‌లో సౌండ్ కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతాం. నడినెత్తిన నొప్పి మొదలైతే మాత్రం తీసి ఒళ్లో పెట్టుకోవాల్సిందే.

అసలు బోస్ కంపెనీ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఆలోచన పుట్టిందే విమానంలో. 1978లో ఆ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ ఫ్లైట్‌లో ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజిన్ హోరులో సంగీతం సరిగ్గా వినపడలేదు. ఆయన అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెట్టారు. అలాంటి వస్తువుని గదిలో ఐదు నిమిషాలు పెట్టుకుని తేల్చేస్తే ఎలా?

బరువు సంగతి చూడండి. యాపిల్ మొదటి ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ హెడ్‌ఫోన్స్ సుమారు 385 గ్రాములు, సోనీ ఎక్స్‌ఎం5 సుమారు 250. మొదటి అరగంటలో ఈ తేడా పెద్దగా తెలియదు. రెండో గంటలో మెడకి తెలుస్తుంది. బరువొక్కటే కాదు, బిగుతు కూడా చూడాలి. మరీ బిగిస్తే దవడ దగ్గర నొప్పి, వదులైతే తల తిప్పినప్పుడల్లా జారుతుంది.

కళ్లజోడు ఉన్నవాళ్ల గురించి దాదాపు ఎవరూ రాయరు. నాకు బాగా కోపం వచ్చేది ఇక్కడే. కళ్లజోడు కాడ చెవి చుట్టూ ఉండే కుషన్ కింద ఇరుక్కుని చెవి పైన నొక్కుతూ ఉంటుంది, తీసి చూసుకుంటే అక్కడ ఎర్రగా గీత పడి ఉంటుంది. పైగా ఆ కాడ పక్కన సన్నని సందు మిగులుతుంది. అందులోంచి బయటి హోరు లోపలికి వస్తుంది, లోపలి బాస్ పల్చబడుతుంది. పాట నడుస్తుండగా రెండు కప్పులనూ వేళ్లతో మెల్లగా చెవులకి అదమండి. బాస్ ఒక్కసారిగా పెరిగి హోరు తగ్గిందంటే అవి మీ తలకి సరిగ్గా కూర్చోలేదన్నమాట. కంఫర్ట్, సౌండ్, నాయిస్ క్యాన్సిలింగ్ అని విడివిడిగా మార్కులు వేసేవాళ్లు ఈ చిన్న పని చేసి చూస్తే చాలు, మూడూ ఆ కుషన్ దగ్గరే ముడిపడి ఉన్నాయని అర్థమవుతుంది.

"పసిపిల్లల ఏడుపు ఆపలేదు" అని స్టార్లు తగ్గించేవాళ్లకి ఒక మాట. మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటే, హెడ్‌ఫోన్స్ దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి కొట్టేస్తాయి. ఇంజిన్ హోరులాంటి, ఆగకుండా ఒకేలా వచ్చే లో ఫ్రీక్వెన్సీ (కింది స్థాయి) శబ్దాల మీద ఇది అద్భుతంగా పనిచేస్తుంది. మాటలు, ఏడుపుల్లో ఉండే పై స్థాయి శబ్దాలని ఎక్కువగా ఆపేది కుషనే.

హోరు తగ్గితే వాల్యూమ్ కూడా తగ్గించుకోవచ్చు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లాభం అదే. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలకి మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలు హెడ్‌ఫోన్స్‌తో విమానం హోరుని దాటి పాట వినపడాలంటే ఆ గీత దాటడం చాలా తేలిక. కొందరికి క్యాన్సిలింగ్ ఆన్ చేయగానే చెవులు దిబ్బడ వేసినట్టుంటుంది. వాళ్లు దాని స్థాయి తగ్గించుకునే వీలున్న మోడల్ చూసుకోవాలి.

ప్రయాణం విషయానికొస్తే, మడిచే వీలు ముఖ్యం. సోనీ ఎక్స్‌ఎం4 లోపలికి మడుచుకునేది, ఎక్స్‌ఎం5లో అది తీసేశారు, 2025లో వచ్చిన ఎక్స్‌ఎం6లో మళ్లీ తెచ్చారు. వైరు పెట్టుకునే వీలూ ఉండాలి, సీటు ముందు స్క్రీన్‌కి చాలాసార్లు అదే దిక్కు. చార్జింగ్ అయిపోయాక వైరుతోనైనా పాట వస్తుందో లేదో కొనేముందే కనుక్కోండి, కొన్ని మోడల్స్‌లో రాదు.

రివ్యూ రాసేవాళ్లని అడిగేది ఒక్కటే. ఎంతసేపు ఆపకుండా పెట్టుకున్నారో, కళ్లజోడు ఉందో లేదో, ఎక్కడ నొప్పి వచ్చిందో మొదటి పేరాలోనే రాయండి. బాస్ గురించి ఆ తర్వాత చదువుకుంటాం.