18 మ్యాచ్‌ల టైటిల్‌ను తక్కువ చేయకండి

డబ్లిన్‌లో ఫుట్‌బాల్ అభిమానుల మధ్య 2020 ప్రస్తావన వస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అది సగం సీజనే కదా!" ఆ ఏడాది డబ్లిన్ క్లబ్ షామ్‌రాక్ రోవర్స్ ఐర్లాండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ డివిజన్‌ను ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది. 18 మ్యాచ్‌లలో 15 గెలుపులు, 3 డ్రాలు. 44 గోల్స్ కొట్టి, 7 మాత్రమే ఇచ్చింది. రెండో స్థానంలో నిలిచిన బొహీమియన్స్ కంటే 11 పాయింట్లు ఎక్కువ సాధించింది. అయినా ఆ విజయం గురించి చెప్పేవారు ముందు 'కోవిడ్' అన్న మాట చేర్చి, ఆ తర్వాతే గెలుపు సంగతి ఎత్తుతారు. టైటిళ్ల జాబితాలో ఆ ఏడాది పక్కన కనిపించని నక్షత్రపు గుర్తు ఒకటి పెట్టేశారు. దాన్ని చెరిపేయాలని నా వాదన.

ఐర్లాండ్‌లో ఉంటూ ఇంగ్లండ్ లీగ్‌ను మాత్రమే చూసే మనవాళ్లకు ముందుగా ఒక విషయం చెప్పాలి. ఇక్కడి లీగ్ ఇంగ్లండ్‌లో మాదిరిగా ఆగస్టులో మొదలై మే నెలలో ముగియదు. 2003 నుంచి ఫిబ్రవరిలో మొదలై నవంబరు దాకా నడుస్తోంది. అందువల్ల 2020 మార్చిలో మహమ్మారి వచ్చిపడినప్పుడు ఇంగ్లండ్, స్కాట్లాండ్ లీగ్‌లు చివరి అంకంలో ఉంటే, ఇక్కడ ఆట అప్పుడప్పుడే మొదలైంది. రోవర్స్ ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ గెలిచింది. వాటిలో ఫిబ్రవరి 28 రాత్రి తన మైదానం ఉన్న టాలాలో అప్పటి చాంపియన్ డండాక్‌పై 3-2తో గెలిచిన మ్యాచ్‌ను ఇక్కడి వాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. డండాక్ ఆటగాడు జోర్డాన్ ఫ్లోరెస్ గాలిలోకి లేచిన బంతిని నేలను తాకకుండానే తన్ని కొట్టిన గోల్‌ను ఆ ఏడాది ప్రపంచంలోని అత్యుత్తమ గోల్‌కు ఇచ్చే పుష్కాష్ అవార్డుకు కూడా నామినేట్ చేశారు. స్టాండ్లు నిండిపోయాయి, జనం భుజాలు రాసుకుంటూ నిలబడి అరిచారు. ఆ మర్నాడే, ఫిబ్రవరి 29న, ఈ దేశంలో మొదటి కోవిడ్ కేసు నిర్ధారణ అయింది.

మార్చి 12న అప్పటి ప్రధాని లియో వరద్కర్ వాషింగ్టన్ నుంచి మాట్లాడుతూ బడులు మూసేస్తున్నామనీ, ఆరుబయట 500 మందికి మించి గుమిగూడకూడదనీ ప్రకటించారు. అదే రోజు ఫుట్‌బాల్ సంఘం ఆటలన్నీ నిలిపివేసింది. మొదట మార్చి 29 దాకా అన్నారు. ఆ గడువు జరిగి జరిగి జులై 31న గానీ లీగ్ మళ్లీ మొదలు కాలేదు. 36 మ్యాచ్‌ల సీజన్‌ను 18కి కుదించి, ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడేలా అమర్చారు. నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. స్కాట్లాండ్‌లో ఇంకా ఎనిమిది మ్యాచ్‌లు ఉండగానే లెక్కలు కట్టి సెల్టిక్‌కు టైటిల్ ఇచ్చేశారు, హార్ట్స్‌ను కింది డివిజన్‌కు పంపేశారు. నెదర్లాండ్స్‌లో ఆ ఏడాది చాంపియన్ అంటూ ఎవరూ లేరు. ఐర్లాండ్‌లో మాత్రం ప్రతి పాయింటునూ మైదానంలో ఆడి సంపాదించారు. ప్రతి జట్టుకూ మిగతా అన్ని జట్లతో సమానంగా తలపడే అవకాశం దక్కింది. కాగితం మీద నిర్ణయించినది ఏదీ లేదు.

చరిత్ర చూసినా ఈ చిన్నచూపు నిలవదు. 2020కి ముందు చివరిసారిగా ఈ లీగ్‌ను ఓడకుండా గెలిచిన జట్టు కూడా షామ్‌రాక్ రోవర్సే. అది 1926–27 నాటి మాట. అప్పుడు లీగ్‌లో పది జట్లు, ఒక్కో జట్టుకు 18 మ్యాచ్‌లు. సరిగ్గా అంతే! ఆ ఏడాది గురించి "సగం సీజన్" అన్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. తొంభై ఏళ్లు దాటిన పాత గెలుపుకు ఇచ్చే గౌరవాన్ని, రోగభయం మధ్య ఖాళీ మైదానాల్లో ఆడి సాధించిన గెలుపుకు ఎందుకు ఇవ్వరు?

మన క్రికెట్ సంగతే తీసుకోండి. అదే 2020లో ఐపీఎల్‌ను యూఏఈకి తరలించి, సెప్టెంబరు 19 నుంచి నవంబరు 10 దాకా ప్రేక్షకులు లేని స్టేడియాల్లో ఆడించారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి ఢిల్లీ చేతిలో ఓడినప్పుడు ఇక్కడ మన ఇళ్లలో ఎంత బాధపడ్డామో నాకు గుర్తుంది. ఆ ఓటమి సగం ఓటమని అనుకుని ఊరట పొందినవారు ఎవరైనా ఉన్నారా? చివరికి గెలిచిన ముంబయి టైటిల్ పక్కన ఎవరూ చుక్క పెట్టలేదు. ఆ ఏడాది మార్చి 25న వచ్చిన ఉగాదిని మనం హాలు లేకుండా, కవి సమ్మేళనం లేకుండా, కంప్యూటర్ తెరల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ జరుపుకున్నాం. అంతమాత్రాన శార్వరి నామ సంవత్సరం సగం సంవత్సరం అయిపోలేదు.

దీనికి ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 18 మ్యాచ్‌ల టైటిల్ పూర్తి టైటిలే అయితే, ఆ 18 మ్యాచ్‌ల ఆధారంగా కార్క్ సిటీని కింది డివిజన్‌కు పంపడం కూడా న్యాయమేనా? 2017లో లీగ్‌నూ కప్‌నూ రెండింటినీ గెలిచిన క్లబ్ అది, అభిమానులే యజమానులుగా నిలబెట్టుకున్న క్లబ్. మూడేళ్లు తిరిగేసరికి 11 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. 36 మ్యాచ్‌లు ఉంటే తేరుకునేదేమో, చెప్పలేం. మరోవైపు స్లైగో రోవర్స్ లాక్‌డౌన్‌కు ముందు ఆడిన నాలుగు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క పాయింటు లేకుండా ఆగింది. జులైలో మళ్లీ మొదలయ్యాక పుంజుకుని నాలుగో స్థానంలో నిలిచింది, మరుసటి ఏడాది యూరప్ పోటీల్లోకీ అడుగుపెట్టింది. అంటే కుదించిన సీజన్‌లోనూ లేచి నిలబడే వ్యవధి ఉంది. అయినా, గేటు రాబడి పూర్తిగా ఎండిపోయిన ఏడాదిలో ఏ క్లబ్‌నూ కిందికి దింపకుండా ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. కింది డివిజన్‌కు పడిపోవడమంటే పరువు పోవడం ఒక్కటే కాదు, వచ్చే ఏడాది జీతాల డబ్బు పోవడం. ఆ కనికరం వేరు, చాంపియన్ యోగ్యత వేరు. మొదటిది చూపించలేదు కనుక రెండోదాన్ని కూడా కాదనడం సరికాదు.

ఆ సీజన్‌లో నిజంగా నష్టపోయినవారు అభిమానులు. షామ్‌రాక్ రోవర్స్ విషయంలో ఆ నష్టం ఎంతటిదో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1987లో రోవర్స్ అప్పటి యజమానులు మిల్‌టౌన్‌లోని సొంత మైదానాన్ని అమ్మేశారు. ఆ తర్వాత 22 ఏళ్లు క్లబ్‌కు ఇల్లు లేదు. పరాయి మైదానాలు అద్దెకు తీసుకుని ఆడింది. 2005లో అప్పులు మోయలేక కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది, అదే ఏడాది కింది డివిజన్‌కు పడిపోయింది. క్లబ్ పేరు చెరిగిపోవలసిన ఆ సమయంలో అభిమానులే నెలనెలా చందాలు వేసుకుని దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 2009లో డబ్లిన్ నైరుతి శివారు టాలాలో, కౌంటీ కౌన్సిల్ కట్టించిన స్టేడియంలో మళ్లీ సొంత గూడు దొరికింది. 2010, 2011లలో టైటిళ్లు వచ్చాయి. ఆ తర్వాత తొమ్మిదేళ్ల నిరీక్షణ. 2020 నాటికి కూడా క్లబ్‌లో సగం వాటా సభ్యులదే. అంతగా ఎదురుచూసిన 18వ టైటిల్ చేతికి వచ్చిన రోజున వాళ్లెవరూ స్టేడియంలో లేరు.

అది వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. అక్టోబరు 24న బాలీబోఫేలో ఫిన్ హార్ప్స్ 2-0తో బొహీమియన్స్‌ను ఓడించడంతో, రోవర్స్ ఆ రోజు ఆడకుండానే చాంపియన్ అయింది. అప్పటికి మూడు రోజుల కిందటే దేశమంతా లెవెల్ 5 ఆంక్షల్లోకి వెళ్లింది. ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటి నడవడానికైనా వెళ్లకూడదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, మిల్‌టౌన్ రోజుల నుంచీ రోవర్స్ మనిషి. ఆ సాయంత్రం ఆయన ఆకుపచ్చ, తెలుపు చారల కండువా మెడలో వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. రోడ్డుకు ఇవతల నుంచే అభినందనలు చెప్పాను. తన తండ్రి ఉంటే కౌగిలించుకునేవాడిననీ, ఇప్పుడు పక్కింటాయన చెయ్యి కూడా పట్టుకోలేకపోతున్నాననీ అన్నారు. టైటిల్ విలువ గురించి ఎవరు ఏ వాదన చేసినా నాకు ఆయన ముఖమే గుర్తొస్తుంది. ఆ గెలుపు ఆయనకు సగం కాదు.

యూరప్ రాత్రులు కూడా అలాగే గడిచాయి. ఆగస్టు 27న ఫిన్లాండ్ జట్టు ఇల్వెస్‌తో టాలాలో జరిగిన పోరు 2-2 వద్ద ఆగి పెనాల్టీలకు వెళ్లింది. 12-11తో రోవర్స్ నెగ్గింది! ఒకరి తర్వాత ఒకరు, చివరికి గోల్‌కీపర్ల వంతు వచ్చేదాకా సాగే అలాంటి షూటౌట్‌లో స్టాండ్లు ఎలా ఊగిపోవాలి! దాని ఫలితంగా సెప్టెంబరు 17న ఏసీ మిలాన్ టాలాకు వచ్చింది. జ్లాటాన్ ఇబ్రహిమోవిచ్ వచ్చి గోల్ కొట్టాడు, మిలాన్ 2-0తో గెలిచింది. ఏడు సార్లు యూరప్ చాంపియన్ అయిన జట్టు తమ శివారుకు వచ్చి ఆడిన రాత్రి, లూవాస్ రైలెక్కితే చేరిపోయేంత దగ్గరలో ఉన్న పిల్లలు దాన్ని టీవీలో చూశారు. జాక్ బర్న్ సంగతి ఇంకా బాధాకరం. ఈ లీగ్ ఇటీవలి కాలంలో చూసిన అత్యుత్తమ పాసర్లలో అతనొకడు. ఆ సీజన్ ముగిశాక సైప్రస్‌లోని అపోయెల్‌కు వెళ్లిపోయాడు. అతన్ని చప్పట్లతో సాగనంపే భాగ్యం అభిమానులకు దక్కలేదు. డిసెంబరు 6న అవీవా స్టేడియంలో కప్ ఫైనల్‌ను డండాక్ అదనపు సమయంలో 4-2తో ఎగరేసుకుపోయింది. అదీ ఖాళీ కుర్చీల ముందే.

ఇక్కడి క్లబ్‌లకు టీవీ హక్కుల కోట్లు లేవు. శుక్రవారం రాత్రి గేటు దగ్గర అమ్ముడయ్యే టికెట్లు, సీజన్ టికెట్లు, లాటరీ చీటీలు, స్థానిక దుకాణాల ప్రకటనలు, వీటితోనే బండి నడుస్తుంది. ఆ గేటు మూతపడిన ఏడాదిలో ఎందరో సీజన్ టికెట్ కొన్నవారు తాము చూడలేకపోయిన మ్యాచ్‌ల డబ్బు వెనక్కి అడగలేదు. మ్యాచ్‌లను ఇంటర్నెట్‌లో చూపించే ఏర్పాటు జరిగితే దానికీ డబ్బు కట్టారు. ఆ సీజన్ పూర్తయిందంటే అందులో వాళ్ల పాలు తక్కువేమీ కాదు. "సగం సీజన్" అని తేలిగ్గా అనేస్తే వాళ్ల త్యాగం కూడా అందులో కొట్టుకుపోతుంది.

ఆ సగం మాటకు రోవర్స్ మైదానంలోనే జవాబు చెప్పింది. 2021, 2022, 2023లలో పూర్తి 36 మ్యాచ్‌ల సీజన్లు ఆడి మూడుసార్లూ టైటిల్ గెలిచింది. 1980లలో తాను సాధించిన వరుస నాలుగు టైటిళ్ల ఘనతను మళ్లీ అందుకుంది. కోచ్ స్టీఫెన్ బ్రాడ్లీ కట్టిన జట్టు 2020లో అదృష్టం కొద్దీ గెలిచిందని ఇంకా అనేవారికి నేను చూపించగల రుజువు ఇంతకంటే వేరే లేదు.

ఇదంతా మన పత్రికలో ఎందుకు రాస్తున్నానని కొందరు అడగవచ్చు. ఈ దేశంలో స్థిరపడిన మనలో చాలామంది పిల్లలు మాంచెస్టర్, లివర్‌పూల్ చొక్కాలు వేసుకుని తిరుగుతారు. ఊళ్లో ఆడే జట్టు పేరు చెప్పలేరు. ఆ తప్పు పిల్లలది కాదు, వాళ్లను తీసుకెళ్లని మనది. ఫుట్‌బాల్ మన ఆట కాదనే మాటకూ ఆధారం లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం దాకా వెళ్లినప్పుడు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు. 2020 రోవర్స్ రక్షణ వరుసలో ఏడాదంతా నిలబడిన రొబెర్టో లోపెస్ తండ్రి కేప్ వెర్డే నుంచి వలస వచ్చినవాడు, తల్లి ఐరిష్. డబ్లిన్‌లో పుట్టి పెరిగిన ఆ ఆటగాడు కేప్ వెర్డే జాతీయ జట్టుకు ఆడి, ఆ చిన్న దీవుల దేశాన్ని 2026 ప్రపంచ కప్‌కు చేర్చిన జట్టులో ఒకడయ్యాడు. రెండు ఊళ్లనూ తనవిగా చేసుకున్న అలాంటి మనిషిని మన పిల్లలు టాలాలో దగ్గర నుంచి చూడవచ్చు.

2021 జూన్‌లో ప్రయోగాత్మకంగా వెయ్యి మందిని లోపలికి అనుమతించినప్పటి నుంచి స్టాండ్లు క్రమంగా నిండుతూ వచ్చాయి. ఇప్పుడు ఉత్తరం వైపు కొత్త స్టాండ్ కూడా వచ్చింది. మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది: క్రికెట్ టోర్నమెంటుకూ వనభోజనాలకూ తేదీలు పెట్టుకున్నట్టే, సీజన్‌లో ఒక శుక్రవారాన్ని టాలా కోసం కేటాయించండి. గుంపుగా కొనే టికెట్ల గురించి క్లబ్ ఆఫీసుతో మాట్లాడండి. లూవాస్ రెడ్ లైన్‌లో టాలా స్టాప్‌లో దిగితే స్టేడియం నడిచే దూరమే. కార్క్‌లో ఉన్నవారు టర్నర్స్ క్రాస్‌కు, స్లైగోలో ఉన్నవారు షోగ్రౌండ్స్‌కు వెళ్లండి. ఏ ఊరివారు ఆ ఊరి జట్టు దగ్గరకే వెళ్లండి. మొదటి జాబితాలో మా ఇంటి నుంచి నాలుగు పేర్లు రాసుకోండి.